రాష్ట్ర పరీక్షలు పిల్లలకా, బడులకా?

ప్రశ్న:
మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈ వసంతంలో మొదటిసారి రాష్ట్ర పరీక్ష రాయబోతోంది. ఈ మార్కులు ముఖ్యంగా బడి పనితీరును చూడడానికేనని టీచరు చెప్పారు. అమెరికాలో విద్య రాష్ట్రాల బాధ్యత కదా, ఫెడరల్ ప్రభుత్వానికి ఇందులో ఏం పని? 2002 నాటి ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టాన్ని 2015లో పక్కన పెట్టిన తరువాత కూడా పరీక్షలు ఎందుకు మిగిలాయి?

జవాబు 1 (టెక్సస్‌లో లెక్కల టీచరు):
పెత్తనం నిధుల ద్వారా వచ్చింది. పేద పిల్లలున్న బడులకు 1965 చట్టం కింద ఇచ్చే ‘టైటిల్ వన్’ అనే ఫెడరల్ నిధులు కావాలంటే రాష్ట్రాలు వాటితో వచ్చే షరతులను ఒప్పుకోవాలి. మూడు నుంచి ఎనిమిది వరకు ప్రతి తరగతిలోనూ, హైస్కూలులో ఒకసారీ చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష పెట్టాలని, 2014 నాటికి నూటికి నూరు మంది గట్టెక్కాలని 2002 చట్టం శాసించింది. అయితే ఆ గట్టు ఎంత ఎత్తుండాలో నిర్ణయించేది రాష్ట్రమే! కొన్ని రాష్ట్రాలు గట్టునే తగ్గించుకున్నాయి. ఉత్తీర్ణతకు రెండు మూడు మార్కుల దూరంలో ఉన్న పిల్లలపైనే బడులు శ్రద్ధ పెట్టడంతో, బాగా వెనుకబడినవారు ఎక్కడివారక్కడే ఉండిపోయారు. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో బడివారే పిల్లల తప్పు జవాబులను మార్చేశారు. 2011లో రాష్ట్ర విచారణ 178 మంది ఉపాధ్యాయులనూ ప్రిన్సిపాళ్లనూ తప్పుబట్టింది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం కోసం మన జిల్లాల్లో పడే హైరానా తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

జవాబు 2 (ప్రత్యేక విద్య పొందుతున్న అబ్బాయి తల్లి):
టీచరు గారు చెప్పినవన్నీ నిజమే కానీ, 2002 చట్టం చేసిన మేలును వదిలేశారు. అంతకుముందు మా అబ్బాయి వంటి పిల్లల ఫలితాలు బడి సగటులో కలిసి కనబడకుండా పోయేవి. వికలాంగులు, పేదలు, ఇంగ్లిషు నేర్చుకుంటున్నవారు, ఒక్కొక్క జాతివారు అంటూ ఫలితాలను విడివిడిగా ప్రకటించి తీరాలని ఆ చట్టం పట్టుబట్టింది. బలహీనులను పరీక్షనాడు ఇంటి దగ్గర ఉంచకుండా 95 శాతం హాజరు షరతు కూడా పెట్టింది. దాని స్థానంలో వచ్చిన 2015 చట్టం ఈ పరీక్షలనూ లెక్కలనూ ఉంచి, వెనుకబడిన బడులకు వేసే శిక్షల విషయాన్ని చాలావరకు రాష్ట్రాలకు వదిలింది; టైటిల్ వన్ బడుల్లో అట్టడుగు 5 శాతాన్ని మాత్రం గుర్తించి తీరాలి. ఒక వర్గంలో కనీసం ఎందరుంటే లెక్కలోకి తీసుకోవాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. ఆ సంఖ్యను పెంచితే మా పిల్లలు మళ్లీ మాయమవుతారు.

జవాబు 1 (మళ్లీ):
అది ఒప్పుకుంటాను. నా అభ్యంతరం పరీక్ష మీద కాదు, ఒకే అంకె మీద బడి భవితవ్యాన్ని వేలాడదీయడం మీద. ప్రశ్న అడిగినవారు బడి నివేదికలో ఉత్తీర్ణత శాతం కన్నా ‘గ్రోత్’ (అదే పిల్లలు నిరుటి నుంచి ఎంత ముందుకు వెళ్లారన్న లెక్క) చూడడం మంచిది, ఎందుకంటే మొదటిది చాలావరకు తల్లిదండ్రుల ఆదాయాన్నే చూపిస్తుంది. మీ అమ్మాయికి మాత్రం అది ఈ ఏడాది రాదు. పోల్చడానికి ముందటి సంవత్సరం మార్కు లేదు కదా.