ఆనంద ఆదివారం నాడు చెరసాల సువిశేషం ఎందుకు?

బాపట్ల పఠకురాలు:
అందరికీ వందనాలు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో మూడో ఆదివారం, అంటే ఆనంద ఆదివారం, మా విచారణలో (పారిష్‌లో) పూజలో చదివే రెండో బైబిలు పఠనం నా వంతు. సాయంత్రం యువతకు ధ్యానం కూడా నన్నే చెప్పమన్నారు ఫాదర్‌గారు. గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించి, ప్రభువునందు ఆనందించండి అని పాడుకునే రోజది. తీరా మత్తయి సంవత్సరపు (ఆదివారాల్లో మత్తయి సువార్త చదివే ఏడాది) సువిశేషం చూస్తే 11వ అధ్యాయం: చెరలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులను యేసు దగ్గరకు పంపి, రావలసినవాడవు (మెస్సీయవు) నీవేనా, మరొకరి కోసం ఎదురుచూడాలా అని అడిగిస్తాడు. ముందటి ఆదివారం పఠనంలో గొడ్డలి చెట్ల వేళ్ల మీద పెట్టి ఉందని యోర్దాను ఒడ్డున గర్జించినవాడే ఈయన! మంచాన పడ్డ మా అమ్మమ్మ ప్రార్థనలో అడిగేదీ దాదాపు ఈ ప్రశ్నే. అందుకే పైపైన చెప్పి ఊరుకోలేను. ఈ పఠనం ఆ రోజుకే ఎందుకు?

విచారణ ఉపదేశి:
అమ్మా, మొదటి పఠనం యెషయా 35 పక్కన పెట్టుకుని చదవండి. గుడ్డివారి కళ్లు తెరుచుకుంటాయి, చెవిటివారు వింటారు, కుంటివాడు లేడిలా గంతులు వేస్తాడు. యేసు నేనేనని చెప్పడు. మీరు విన్నవీ కన్నవీ వెళ్లి చెప్పండంటూ దాదాపు ఆ మాటలే పంపుతాడు. యోహాను ఎదురుచూసింది గొడ్డలి, అగ్ని, అంటే తీర్పు. జరుగుతున్నది స్వస్థత.

ఇంకొకటి చూడండి. యెషయా 61లో పేదలకు శుభవార్తతో పాటు చెరలో ఉన్నవారికి విడుదల కూడా ఉంది. యేసు మొదటిది చెప్పాడు, రెండోది చెప్పలేదు. నాకు ఇక్కడ గుండె పట్టేస్తుంది. యోహాను చెర నుంచి బయటపడలేదు, 14వ అధ్యాయంలో హేరోదు అతని తల తీయించాడు. కానీ అలా అడిగినందుకు మందలింపు లేదు. స్త్రీలకు పుట్టినవారిలో ఇతనికంటే గొప్పవాడు లేడని ఆ వెంటనే యేసు జనం ముందు చెప్పాడు. మీ అమ్మమ్మగారి ప్రశ్నకు దేవుడు నొచ్చుకోడని ధైర్యంగా చెప్పండి.

డెల్టా రైతుబిడ్డ:
అక్కా, మీరు చదివే యాకోబు 5:7-10 గురించి ఒక మాట. రైతు తొలకరి, కడవరి వానల కోసం ఓపికగా కనిపెడతాడని ఉంది. మన వైపు డిసెంబరు అంటే వరి కోతలు, మబ్బు పడితేనే భయం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలో నానాయి. ఆ చోట కూర్చున్నవారికి వాన కోసం కనిపెట్టడం వింతగా వినిపిస్తుంది. పాలస్తీనాలో వేసవి అంతా వాన ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో తొలివాన పడితేనే నేల మెత్తబడి నాగలి దిగుతుంది. మార్చి, ఏప్రిల్ వానకు గింజ నిండుతుంది. యువతకు ఇది ముందే చెప్పండి.

బాపట్ల పఠకురాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రైతు దగ్గరే ఆగిపోకుండా 10వ వచనం దాకా వెళ్తే, బాధలో ఓర్పుకు ప్రవక్తలను ఆదర్శంగా తీసుకోమంటాడు యాకోబు. వెంటనే సువిశేషంలో చెరలో ఉన్న ప్రవక్త! ఇప్పుడు మూడు పఠనాలూ కలిశాయి. ఆ వచనం ముందు కాస్త ఆగి, నెమ్మదిగా చదువుతాను.

విచారణ ఉపదేశి:
అలాగే చేయండి. పూజలో యెషయా 35 ఆరో వచనం సగం వరకు చదివి నేరుగా పదికి వెళ్తారు. సాయంత్రం యువతతో మాత్రం అధ్యాయమంతా చదివించండి. ఎడారిలో నీటి బుగ్గలు, పవిత్ర మార్గం ఆ మధ్యలోనే ఉన్నాయి.