ఫ్యూజన్ ఆపరేషన్ అయి ఏడు వారాలు: సాయంత్రమైతే నడుము నొప్పి ఎందుకు పెరుగుతోంది?

హంద్రీ_ఒడ్డు, కర్నూలు:

అమ్మకు 58 ఏళ్లు, బరువు 61 కిలోలు. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటుంది, షుగర్ లేదు. నడుములో ఎల్4-ఎల్5 పూసల దగ్గర ఒక పూస ముందుకు జారి నరం నొక్కుకుపోతే హైదరాబాద్‌లో ఫ్యూజన్, అంటే ఆ రెండు పూసలూ ఒకే ఎముకగా కలిసేటట్టు చేసే ఆపరేషన్ చేశారు. నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు, రెండు పూసల మధ్యలో ఆనుకోవడానికి పెట్టే చిన్న దిమ్మె లాంటి ఒక కేజ్. ఇప్పటికి ఏడు వారాలు. ఆరో వారం ఎక్స్‌రే చూసి అంతా సరిగ్గానే ఉందన్నారు.

కాలు లాగడం ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకే పోయింది. నడుము నొప్పి మాత్రం పొద్దున పదికి రెండో మూడో ఉంటే, సాయంత్రం ఐదు దాటేసరికి ఆరు, ఏడుకు పోతుంది. ఎడమ పాదం పైభాగం, బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. రాత్రి పక్కకు తిరిగినప్పుడల్లా మెలకువ.

మందులు: డోలో 650 రోజుకు మూడు, ట్రమడాల్-పారాసిటమాల్ కలిసిన మాత్ర రెండు, రాత్రికి నరాల నొప్పికి ప్రీగాబాలిన్ 75, పొద్దున పాంటాప్రజోల్, కాల్షియం. మరీ ఓర్చుకోలేని రోజు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ ఒకటో రెండో వేసుకుంటోంది.

ఆపరేషన్ ఫెయిలయిందని చుట్టాలు అప్పుడే తేల్చేశారు. ఇందులో ఏది మామూలు, ఏది కాదు? ఇంట్లో ఏం మార్చాలి?

గడియారస్తంభం, అనంతపురం (ఫిజియోథెరపీ):

తమ్ముడూ, చుట్టాల తీర్పు పక్కన పెట్టు. కాలు లాగడం పోయిందంటే నరం మీద ఒత్తిడి తీసే పని అయిపోయినట్టే. నడుము లెక్క వేరు, దానికి టైం పడుతుంది.

స్క్రూలు, రాడ్లు ఎముకను అతికించవు. ఎముక కలిసేదాకా ఆ రెండు పూసలను కదలకుండా పట్టుకుంటాయి, అంతే. లోపల పెట్టిన ఎముక ముక్కల చుట్టూ కొత్త ఎముక పెరిగేది మూడో నెల నుంచి ఆరో నెల మధ్య ఎక్స్‌రేలో కనబడడం మొదలవుతుంది. గట్టిపడడానికి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ. ఆరో వారం ఫిల్మ్‌లో డాక్టర్ చూసేది స్క్రూలు, కేజ్ పెట్టిన చోటే ఉన్నాయా అని మాత్రమే. అందుకే ఎక్స్‌రే బాగుండీ నొప్పి ఉండడంలో వింతేం లేదు.

ఇక సాయంత్రం నొప్పి. పూసల దాకా పోవడానికి నడుము కండరాలను ఎముక మీద నుంచి విడదీసి, ఆపరేషన్ అయ్యేదాకా పక్కకు లాగి పట్టుకుంటారు. ఏడు వారాలకు ఆ కండరాలకు రోజంతా ఒంటిని నిలబెట్టే సత్తువ రాదు. మధ్యాహ్నానికి అలుస్తాయి, అలిసిన కండరం బిగుసుకుంటుంది. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ, పడుకున్న అరగంటకు దిగుతుంది అంటే చాలావరకు అదే. పడుకున్నా దిగకపోతే, లేదా తగ్గుతూ వచ్చిన నొప్పి ఉన్నట్టుండి మళ్లీ పెరిగితే అప్పుడు వేరే ఆలోచించాలి.

చాలామంది ఇళ్లలో పొరపాటు ఎక్కడంటే, నొప్పి వచ్చాక పడుకోబెడతారు. అలవకముందే పడుకోవాలి. పొద్దున 11కు, మధ్యాహ్నం 3కు గడియారం చూసి 20-30 నిమిషాలు వెల్లకిలా, మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టి. నొప్పి లేకపోయినా పడుకోవాలి. రెండోది కూర్చోవడం. నడక కన్నా కూర్చోవడమే నడుముకు బరువు. ఒకేసారి 20 నుంచి 30 నిమిషాలు దాటొద్దు. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయమను. సోఫా వద్దు, చేతులున్న గట్టి కుర్చీ, మోకాళ్లు తుంటి కన్నా కొంచెం కిందకు ఉండేంత ఎత్తుది.

నడక ఒకేసారి అరగంట కాదు. ఇప్పుడు ఎంత నడిచినా ఇబ్బంది లేదో అక్కడ మొదలుపెట్టండి, పది నిమిషాలనుకుందాం, రోజుకు నాలుగుసార్లు. రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ పోతే మూడో నెలకు 25-30 నిమిషాలు రెండు పూటలా నడవగలదు. మన ఎండలకు పొద్దున ఏడు లోపే, సాయంత్రం ఆరు తర్వాతే. చదునైన నేల మీద, మిద్దె మెట్లు లెక్కలో వద్దు.

పెంచింది ఎక్కువైందో లేదో చెప్పేది మర్నాటి పొద్దున. నడిచాక నొప్పి పెరిగి తెల్లారేసరికి మామూలుకొస్తే సరే. తెల్లారినా దిగకపోతే రెండు రోజులు సగానికి తగ్గించి మళ్లీ ఎక్కించాలి. పూర్తిగా ఆపేసి మంచం పట్టిస్తే కండరం ఇంకా కరిగిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు.

వ్యాయామాలు ఇప్పటికి చిన్నవే చాలు: మడమలు పైకీ కిందకీ ఆడించడం, పిరుదులు బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం, పడుకుని ఊపిరి బిగబట్టకుండా పొట్ట కింది భాగం మెల్లగా లోపలికి లాక్కోవడం. పదేసి సార్లు, మూడు పూటలు. ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం, పడుకుని లేచే కసరత్తు, సూర్యనమస్కారాలు వద్దు. పూర్తి ఫిజియో ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ చీటీలో రాయించుకోండి. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో ఫిజియో విభాగాలున్నాయి, ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు.

దేవుని_గడప, కడప (ఫార్మసీ):

మీరు రాసిన మందుల్లో రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది.

పారాసిటమాల్ మూడు రకాల మాత్రల్లో ఉంది. డోలో మూడు 1950 మి.గ్రా. ట్రమడాల్ కలిసిన మాత్రలో మామూలుగా 325 ఉంటుంది, రెండుకు 650. ఎసిక్లోఫెనాక్ మాత్రలోనూ 325, రెండు వేసుకున్న రోజు ఇంకో 650. మొత్తం 3250. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4000 గరిష్ఠం, కానీ వారాల తరబడి వాడేటప్పుడు 3000 దాటనివ్వని డాక్టర్లే ఎక్కువ. జలుబు మాత్ర ఇంకోటి తోడైతే అందులోనూ పారాసిటమాలే ఉంటుంది, అట్ట వెనక చదవండి.

అంతకన్నా నన్ను భయపెట్టింది ఎసిక్లోఫెనాక్. టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్లకు అది కిడ్నీ మీద భారం, బీపీ మందు పని కూడా తగ్గిస్తుంది. ఎండాకాలం నీళ్లు తక్కువ తాగే మనిషికి మరీ ప్రమాదం. పైగా ఈ రకం మందులు ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వాడితే ఎముక కలవడం ఆలస్యమవుతుందన్న అనుమానం ఉంది. అందుకే తొలి మూడు నెలలు వద్దనే సర్జన్లు చాలామంది. కొందరు కొద్ది రోజులకు ఇస్తారు, అది వాళ్లు చూసి ఇచ్చేది. షాపు కౌంటర్లో అడిగి కొనేది కాదు. ఇప్పటికి ఆపి, ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించి డాక్టర్‌కు చూపించండి.

అదనపు మాత్ర కన్నా ఉన్న మాత్రల టైం మార్చితే ఎక్కువ ఫలితం. నొప్పి పెరిగేది ఐదుకు కదా, మధ్యాహ్నం డోలో భోజనం చేసిన వెంటనే కాకుండా మూడు, మూడున్నరకు వేయండి. నొప్పి ముదిరాక వేస్తే అదే మాత్ర సగం కూడా పనిచేసినట్టుండదు.

ట్రమడాల్, ప్రీగాబాలిన్ ఒక్కసారిగా ఆపొద్దు. వారాల తరబడి వాడిన ట్రమడాల్ ఆపేస్తే చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం వస్తాయి, దాన్ని చూసి నొప్పి తిరగబెట్టిందనుకుంటారు. తగ్గించేటప్పుడు డాక్టర్‌ను అడిగి ముందు పగటి ట్రమడాల్, తర్వాత రాత్రిది, చివరికి డోలో. ప్రీగాబాలిన్ తగ్గించడానికి కనీసం వారం. ఈ రెండూ తల తిప్పుతాయి. రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, లైటు వేసుకుని కదలాలి. డిప్రెషన్ మందులు వాడుతుంటే ట్రమడాల్ రాసిన డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ట్రమడాల్ ఉన్నన్నాళ్లూ మలబద్ధకం ఉంటుంది. ముక్కితే నడుముకు పోటు. ఇసబ్గోల్ ఒక్కటే చాలదు, నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. రాత్రి లాక్టులోజ్ 15 మి.లీ. నుంచి మొదలుపెట్టొచ్చు.

కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతోనే వేసుకోవాలి. పాంటాప్రజోల్ కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తుంది కాబట్టి అది సరిగ్గా ఒంటబట్టదు, కాల్షియం సిట్రేట్‌కు ఆ ఇబ్బంది లేదు. డి విటమిన్ 60,000 యూనిట్లు రాసి ఉంటే అది వారానికొకటి. రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలయ్యేవాళ్లుంటారు.

సీమ_బిడ్డ:

ఇన్ని మాత్రలెందుకన్నా. ఆముదం వేడి చేసి నడుముకు బాగా మర్దన చేయించి, బెల్టు రాత్రీపగలూ తీయకుండా కట్టండి. నెలలో లేచి తిరుగుతుంది.

గడియారస్తంభం, అనంతపురం:

పెద్ద మనసుతోనే చెప్పినారు గానీ రెండూ వద్దు. లోపల ఎముక ఇంకా పచ్చిగా ఉంది, మర్దన, నాటు కట్లు, విరుపులు ఏడాది దాకా ఆ దరిదాపులకు రాకూడదు. కుట్లు పూర్తిగా మానినాక గోరువెచ్చని కాపడం 15 నిమిషాలు, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టి, మచ్చకు అటూ ఇటూ కండరాల మీద పెట్టొచ్చు. మొద్దుబారిన పాదానికి మాత్రం వేడినీళ్ల సంచి వద్దే వద్దు, కాలినా తెలియదు.

బెల్టు లేచి కూర్చునేటప్పుడు, నడిచేటప్పుడు. పడుకుంటే తీసేయాలి, సర్జన్ ప్రత్యేకంగా వేరే చెప్పి ఉంటే తప్ప. కింద నూలు బనియన్ లేకపోతే మన చెమటకు పొక్కులు లేస్తాయి. ఎన్ని వారాలో అడిగి రాయించుకోండి. బాగుంది కదా అని నెలలు నెలలు కట్టుకుంటే కండరం సోమరవుతుంది.

కొట్టాల_వీధి, ప్రొద్దుటూరు (ఇంటి దగ్గర నర్సింగ్):

రాత్రి మెలకువ గురించి ఎవరూ చెప్పలేదు. పక్కకు తిరిగేటప్పుడు ముందు భుజం, తర్వాత నడుము తిరిగితే పూసల దగ్గర మెలిక పడుతుంది. రెండు మోకాళ్లూ మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి దుంగ దొర్లినట్టు తిరగాలి. తిరిగాక మోకాళ్ల మధ్య దిండు. లేచేటప్పుడు ముందు పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందకు జారుస్తూ అదే ఊపులో మోచేత్తో, రెండో అరచేత్తో పరుపును నొక్కి లేవాలి. ఇంట్లోవాళ్లు రెండు చేతులూ పట్టి పైకి గుంజుతారు చూడండి, అదొక్కటి మాన్పించండి. నులక మంచం, నవారు మంచం మధ్యలో గుంత పడతాయి, వాడొద్దు. నేల మీద పరుపూ వద్దు, లేవడానికి వంగాల్సిందే.

బాత్రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీ, దాని పక్కన స్టూలు, స్టూలు మీద బకెట్. నేల మీద బకెట్‌లో నుంచి చెంబు ముంచడమంటే ప్రతి చెంబుకూ ఒక వంపు. మన మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ కొనండి, గొంతు కూర్చోవడం ఇప్పుడు కుదరదు. కడుక్కోవడానికి వెనక్కి మెలి తిరక్కుండా జెట్ స్ప్రే పెట్టించండి. తడి నేల మీద రబ్బరు చాప.

బరువు విషయంలో రెండు కిలోలు, ఎక్కువంటే మూడు, సర్జన్ పెంచేదాకా. నీళ్లు నింపిన బిందె 12-15 కిలోలుంటుంది, సగం బిందె కూడా వద్దు. కూరగాయలు కత్తిపీటతో నేల మీద కాదు, బల్ల మీద చాకుతో. పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడాల్సి వస్తే చిన్న పీట మీద ఒక కాలు పెట్టి, మార్చుకుంటూ ఉండాలి.

తిండి. సంగటిలో కాల్షియం బాగుంది, మాంసకృత్తులు తక్కువ. ఎముక అల్లుకోవాలన్నా కండరం పుంజుకోవాలన్నా అవి కావాలి. 61 కిలోల మనిషికి రోజుకు 70-80 గ్రాములు చూడండి. గుడ్డుకు 6, పావు లీటరు పాలకు 8, గుప్పెడు చెనిక్కాయ విత్తనాలకు 7. మిగతాది పప్పు, ఉలవలు, పెరుగు, చికెన్. క్రియాటినిన్ ఎక్కువొస్తే ఈ లెక్క మారుతుంది, డాక్టర్‌ను అడగండి. ఇంట్లో బీడీ, వక్కాకు పొగాకు అలవాటు ఎవరికున్నా ఆమె దగ్గర వద్దు, ఆమెకే ఉంటే వెంటనే ఆపాలి. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఎముక కలవకపోవడానికి పెద్ద కారణాల్లో అదొకటి.

హంద్రీ_ఒడ్డు, కర్నూలు:

అందరికీ థాంక్స్. ఎసిక్లోఫెనాక్ ఆపేశాం, రేపు క్రియాటినిన్‌కు పోతున్నాం. రెండే సందేహాలు మిగిలాయి. పాదం మొద్దు సంగతేంటి? మూడో నెల చెకప్‌కు హైదరాబాద్ ఎట్ల తీసుకుపోవాలి?

గడియారస్తంభం, అనంతపురం:

పాదం పైభాగం, బొటనవేలు ఎల్5 నరం చూసే చోటు, అంటే నొక్కుకుపోయింది అదే. నరాల్లో నొప్పి ముందు పోతుంది, మొద్దు చివర్న పోతుంది. నరం పై పొర మాత్రమే దెబ్బతిని ఉంటే వారాల్లో తేరుకుంటుంది. లోపలి తీగ తిరిగి పెరగాల్సి వస్తే రోజుకు సుమారు 1 మి.మీ., నెలకు 3 సెం.మీ. నడుము నుంచి బొటనవేలికి ఎంత దూరమో చూడండి. ఏడాది, ఏడాదిన్నర దాకా మారుతూనే ఉంటుంది. మధ్యలో చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపించడం మామూలే.

గమనించాల్సింది మొద్దును కాదు, బలాన్ని. వారానికొకసారి మీ వేలితో ఆమె బొటనవేలిని కిందకు నొక్కండి, ఆమె పైకి ఎత్తాలి. కుడికాలితో పోల్చండి. ఎడమది తగ్గుతూ పోతే, నడిచేటప్పుడు పాదం నేలకు రాసుకుంటే అదే రోజు సర్జన్‌కు ఫోన్. మూత్రం బిగుసుకుపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే భాగం చుట్టూ స్పర్శ లేకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి చేయండి. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే కూడా అంతే. 100.4 దాటిన జ్వరం, కుట్టు దగ్గర ఎరుపు, చీము, లేదా తగ్గిన నొప్పి మళ్లీ ఎక్కడం ఉంటే సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే పదార్థం) రక్తపరీక్ష. ఆపరేషన్ వల్ల పెరిగే సీఆర్పీ రెండు మూడు వారాల్లో దిగిపోతుంది. ఇప్పుడు ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతకాలి.

కొట్టాల_వీధి, ప్రొద్దుటూరు:

ప్రయాణానికి కారే మేలు. ముందు సీటు, వీపు కొంచెం వెనక్కి వాల్చి, నడుము వెనక చుట్టిన తువ్వాలు, నడుము బెల్టు కట్టి. దాదాపు 210 కిలోమీటర్లు, ముప్పావు గంటకొకసారి ఆగాలి. పెబ్బేరు, అడ్డాకుల, జడ్చర్ల, షాద్‌నగర్, ప్రతిచోటా దిగి ఐదు నిమిషాలు నడక. బండిలో కూర్చున్నంతసేపూ మడమలు ఆడిస్తూ ఉండాలి. ఎక్కేటప్పుడు ముందు వీపు సీటు వైపు తిప్పి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి. బస్సే గతి అయితే వెనక చక్రాల మీది సీట్లూ చివరి వరసా వద్దు, కుదుపంతా అక్కడే. మధ్యలో, నడవా పక్క సీటు తీసుకోండి.

డిశ్చార్జి సమ్మరీ, స్క్రూల స్టిక్కర్ అతికించిన కాగితం, ఆరో వారం ఫిల్మ్ వెంట పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వస్తే అక్కడివాళ్లు అడిగేది ఆ స్టిక్కరే. ఎక్స్‌రే కర్నూలులోనే తీయించుకుని పోయేటట్టయితే చీటీలో నిలబెట్టి తీయమని ఉందో లేదో చూసుకోండి. పడుకోబెట్టి తీస్తే పూసల మీద బరువు పడదు, అక్కడ మళ్లీ ఇంకోటి తీయిస్తారు.