కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్, ట్యాలీ అన్నీ క్లౌడ్‌కి మార్చమంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరు_సిస్టమ్స్:

నమస్తే అండి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో సిస్టమ్స్ చూసుకుంటాను. మూడు స్టోరేజీలు, ఒక హెడ్డాఫీసు, కంప్యూటర్ మీద కూర్చునేవాళ్లు నలభై మంది దాకా ఉంటారు. సర్వర్ మాత్రం ఒకటే, హెడ్డాఫీసులో అకౌంట్స్ వెనక గదిలో. విండోస్ సర్వర్ 2012 ఆర్2, డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014, అకౌంట్స్ రాసే ట్యాలీ, స్కాన్ చేసిన కాగితాలు, అన్నీ దాని మీదే, మొత్తం 600 జీబీ. స్టోరేజీ సాఫ్ట్‌వేర్ పన్నెండేళ్ల క్రితం ఒకాయన రాసిచ్చింది. రైతు పేరు, లాట్ నంబరు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, బాండ్ (సరుకు పెట్టినట్టు రైతుకిచ్చే రసీదు) ప్రింటు, అద్దె లెక్క అన్నీ అందులోనే.

మొన్న ఏప్రిల్‌లో రాత్రిపూట ఆ గదిలో ఏసీ ఆగిపోయి పొద్దున్నకి రెండు డిస్కులు పోయాయి. బ్యాకప్ ఉంది కాబట్టి డేటా దక్కింది గానీ రెండు రోజులు బాండ్లు చేత్తో రాశాం, సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు వరస కట్టాయి. అప్పటినుంచి మా ఓనర్ గారు ‘మొత్తం క్లౌడ్‌లో పెట్టేయ్’ అంటున్నారు, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే సర్వర్లలో. ఒక వెండర్ వచ్చి ఉన్న సర్వర్‌ని ఉన్నట్టు ఎత్తి అక్కడ పెడతాం, శని ఆదివారాల్లో అయిపోతుంది అన్నాడు. అంత తేలిగ్గా అవుతుందా? నాకు ముఖ్యంగా వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) గురించి టెన్షన్, కాటా ఇండికేటర్ నుంచి వైరు నేరుగా పీసీ వెనక కామ్ పోర్టుకి వస్తుంది, సాఫ్ట్‌వేర్ అక్కడినుంచే బరువు చదువుకుంటుంది.

డీబీఏ_మియాపూర్:

అన్నా, ఎత్తి పెట్టుడు శని ఆదివారాల్లో అయితది, నిజమే. సోమవారం పొద్దున ఏమైతదో అది వెండర్ చెప్పడు. మీ సాఫ్ట్‌వేర్ పీసీలో నడుస్తది, డేటాబేస్ సర్వర్‌లో ఉంటది, అవునా? ఆ కాలంలో రాసినవాటిలో ఒక్క స్క్రీన్ తెరిస్తే డేటాబేస్‌ని మూడు నాలుగు వందల సార్లు అడగడం మామూలే. ఆఫీసులో ఒక్కో అడుగుడికి అర మిల్లీసెకను, కాబట్టి ఎవరికీ తెలియదు. అదే డేటాబేస్ దూరంగా ఉండి పోయి రావడానికి 25 మిల్లీసెకన్లు పడితే, 400 సార్లకి పది సెకన్లు. బాండ్ స్క్రీన్ తెరిచిన ప్రతిసారీ పది సెకన్లు అంటే మీ గుమస్తాలు ఊరుకుంటరా? లైన్ స్పీడు పెంచినా ఇది తగ్గదు, ఎందుకంటే ఇది దూరం వల్ల వచ్చేది.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌నీ డేటాబేస్‌నీ విడదీయకండి. రెండూ క్లౌడ్‌లో పక్కపక్కనే పెట్టి, మనుషులు రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే ఆ సర్వర్ స్క్రీన్‌ని తమ పీసీలో తెరిచి, అందులోకి వెళ్లి పనిచేయాలి. ట్యాలీకీ అంతే, డేటా ఫోల్డర్ క్లౌడ్‌లో పెట్టి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మనవాళ్లకి మాత్రమే ఉండే రహస్య దారి) మీదుగా ఇక్కడి ట్యాలీతో తెరిస్తే నత్తనడకే, మధ్యలో లైన్ కట్ అయితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా. ఒక్క విషయం గట్టిగా అడగండి: రిమోట్ డెస్క్‌టాప్‌కి మనిషికో లైసెన్సు విడిగా కొనాలి. మొదటి 120 రోజులు ఊరికే నడుస్తది, ఆ తర్వాత ఒకరోజు పొద్దున ఎవరినీ లోపలికి రానివ్వదు. కొటేషన్‌లో ఆ లైన్ ఉందో లేదో చూడండి.

మీ ఎస్‌క్యూఎల్ 2014కి 2024 జులైతో, విండోస్ 2012 ఆర్2కి 2023 అక్టోబరుతో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. పాతదాన్ని అట్లనే ఎత్తి పెడితే ఆ సమస్య కూడా మీతోనే వస్తది. స్కాన్ కాగితాలు తీసేస్తే అసలు డేటాబేస్ ఎంత ఉంటది? 10 జీబీ లోపే అయితే ఎస్‌క్యూఎల్ 2022 ఎక్స్‌ప్రెస్ ఉచితమే, మెమరీ తక్కువ వాడుకుంటది, షెడ్యూల్ బ్యాకప్ మనమే విండోస్ టాస్క్‌లో పెట్టుకోవాలి, కానీ నలభై మందికి సరిపోవచ్చు. ముందు టెస్ట్ చేసి చూడండి.

కాకినాడ_నెట్‌వర్క్:

పైన చెప్పిన రిమోట్ డెస్క్‌టాప్ సలహా మంచిదే అండి, కానీ దాన్ని 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వాడే ద్వారం) మీద ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారంటే మాత్రం కొంప మునుగుతుంది. నేను అనుభవించిన సంగతి చెబుతున్నా. అంతకుముందు పనిచేసిన కంపెనీలో మమ్మల్ని క్లౌడ్‌కి మార్చిన వెండర్, త్వరగా అయిపోవాలని ఆ పోర్టు ప్రపంచం మొత్తానికీ తెరిచి వెళ్లిపోయాడు. నేనూ అడగలేదు, అది నా తప్పు. మూడు వారాలకు ఒక సోమవారం లాగిన్ అయితే డెస్క్‌టాప్ మీద ఒకే ఒక్క టెక్స్ట్ ఫైల్, మిగతా ఫైళ్ల పేర్ల చివర ఏవో అక్షరాలు, అంటే ఎవరో లోపలికి దూరి అన్నిటినీ లాక్ చేసేశారు. బ్యాకప్ కూడా అదే మెషీన్‌లో ఇంకో డ్రైవ్‌లో ఉంది, అదీ పోయింది. ఆడిటర్ దగ్గరున్న పాత ట్యాలీ కాపీ పెట్టుకుని నాలుగు నెలల ఎంట్రీలు మళ్లీ కొట్టారు. అకౌంట్స్‌లో ఒకావిడ ఆ పని చేస్తూ ఏడ్చేసింది.

అందుకే వీపీఎన్ లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా ఉండాలి. బ్యాకప్ వేరే అకౌంట్‌లో, సర్వర్ అడ్మిన్ కూడా చెరపలేని విధంగా పెట్టండి. కంపెనీ లెక్కల బ్యాకప్ రోజూ మన దేశంలో ఉన్న సర్వర్‌లో ఉండాలని 2022లో రూల్ మార్చారు, కాబట్టి లొకేషన్ ఎంచుకునేటప్పుడు హైదరాబాదో ముంబయో పెట్టించండి. అమెజాన్‌కి హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచి ఉంది. ఇంకోటి, ఇలాంటి దాడి జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తెలియజేయాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఎవరు ఏం చేశారో రాసుండే రికార్డులు) 180 రోజులు దాచాలి, ఇది చాలామందికి తెలియదు.

తణుకు_రైస్‌మిల్:

మాకూ వేబ్రిడ్జి ఉందండి, మేం చేసింది చెబుతా. కాటా దగ్గరి పీసీని క్లౌడ్‌కి కట్టేయలేదు. అక్కడే ఒక చిన్న ప్రోగ్రామ్ రాయించాం, కామ్ పోర్టులో వచ్చిన బరువుని టైముతో సహా ముందు ఆ పీసీలోనే రాసుకుంటుంది, స్లిప్ అక్కడికక్కడే ప్రింట్ అవుతుంది, నెట్ ఉంటే వెంటనే పైకి పంపుతుంది, లేకపోతే వచ్చాక పంపుతుంది. నెట్ పోయినా లారీ ఆగదు. స్లిప్ నంబరు కూడా ఆ పీసీయే ఇస్తుంది, ముందు కాటా కోడ్ ఉంటుంది కాబట్టి రెండు కాటాల నంబర్లు కలిసిపోవు. ప్రతి స్టోరేజీకీ రెండు వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు కూడా తప్పనిసరిగా తీసుకోండి.

బిల్లు గురించి ఒక మాట. సర్వర్ రోజంతా ఆన్‌లో ఉంటే నెలకు 720 గంటలు, ఆఫీసు నడిచేది రోజుకు పది గంటల చొప్పున 260 గంటలే. సీజన్ అయ్యాక రాత్రిళ్లు ఆపేస్తే మెషీన్ అద్దె మూడో వంతుకు దగ్గరగా వస్తుంది, డిస్కు అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది. స్కాన్ కాగితాలు సర్వర్ డిస్కులో పెట్టకుండా చవకగా ఉండే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకోవడానికే ఉండే విడి చోటు) పెట్టండి. బిల్లు ఫలానా మొత్తం దాటితే మెయిల్ వచ్చేలా మొదటిరోజే పెట్టుకోండి, ఓనర్ గారి మెయిల్ కూడా అందులో వేయండి.

గుంటూరు_సిస్టమ్స్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. చూశాను, డేటాబేస్ 7 జీబీయే, మిగిలిందంతా స్కాన్లే. కొటేషన్‌లో రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు లేదు, వెండర్‌ని అడిగితే ‘తర్వాత చూద్దాం’ అన్నాడు. మా అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. 600 జీబీ ఎక్కడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఎప్పుడు మారిస్తే మంచిది?

డీబీఏ_మియాపూర్:

లైన్ అంతా దానికే ఇస్తే 66 గంటలు, అంటే దాదాపు మూడు రోజులు. పగలు పనికి అడ్డం రాకుండా రాత్రిపూట మాత్రమే పంపితే వారం పైనే పడ్తది. స్కాన్లు ముందే పంపేయండి, అవి మారవు కదా. చివరి రోజు డేటాబేస్, ట్యాలీ మాత్రమే పంపాలి. ఇంకో మాట, ఒక్కో పీసీలో కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో సర్వర్ ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు నంబరు) నేరుగా రాసి ఉంటది, ఆ నంబరు బదులు ఇప్పుడే సర్వర్ పేరు పెట్టుకోండి. తేదీ సంగతి మీకే బాగా తెలుసు, మిర్చి వచ్చే నెలల్లో మాత్రం ముట్టుకోవద్దు. పాత సర్వర్‌ని కనీసం రెండు నెలలు చెరపకండి.

గుంటూరు_సిస్టమ్స్:

మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లో అయితే లావాదేవీలు బాగా తగ్గుతాయి, మార్చేది అప్పుడే అని ఓనర్ గారితో చెప్పాను, ఒప్పుకున్నారు. ఈలోపు బ్యాకప్ మాత్రం ఇప్పుడే బయటికి పంపడం మొదలుపెట్టాను. ఆదివారం దాన్ని ఒక ఖాళీ మెషీన్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి బాండ్ ఒకటి తీసి పేపరు బాండ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తా. టిక్కీలు, బరువు, ఛాంబర్ నంబరు మూడూ కలిస్తే ఇక్కడే రాస్తాను.