'వాటం'కీ 'వాలు'కీ తేడా ఏమిటి?

అందరికీ నమస్కారం. మొన్న మా ఇంటికొచ్చిన ఏసీ మెకానిక్ గారు ఒకే మాట మూడుసార్లు వాడారు, మూడుసార్లూ మూడు దిక్కులకి. అప్పట్నించీ అది బుర్రలో తిరుగుతోంది.

ముందు సంగతి చెప్పాలి. మాది విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీ, సముద్రం కనిపించే బాల్కనీ. పాత ఏసీ బయటి మిషను అక్కడే ఉండేది. ఉప్పుగాలికి దాని వెనక అల్యూమినియం రేకులు అప్పడం పొడిలా రాలిపోయాయి. అందుకని కొత్తదాన్ని డాబా మీద, నీళ్ల ట్యాంకు గోడ చాటున పెట్టించాం. దాంతో పడగ్గది నుంచి అక్కడికి రాగి గొట్టం 14 మీటర్లు పట్టింది. బిగించినవాళ్లు గంటన్నరలో పని ముగించి, టీ తాగి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా గోడ చెమ్మగిల్లింది. గది చల్లబడటం తగ్గింది. పైన మిషను మూలగడం మొదలుపెట్టింది.

అప్పుడు ఈయన్ని పిలిచాం. కంచరపాలెం ఐటీఐలో నేర్చుకున్నారట, అరవై దాటిన మనిషి. గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ డాబా దాకా వెళ్లి, దిగొచ్చి అన్నారు:

"రెండిటికీ వాటం తప్పీసినారు బాబూ. నీటి గొట్టానికి బయటికి వాటం ఉండాల. గ్యాసు గొట్టానికి మిషను వైపు వాటం ఉండాల. మీదకెక్కీ దగ్గిర వాటం ఎలాగూ ఉండదు గావట్టి కింద మెలిక ఎయ్యాల."

నాకు తెలిసిన వాటం అంటే వాలు, అంతే. మేస్త్రీలు 'డాబాకి వాటం తియ్యాలి' అంటే వాననీరు పోయే ఏటవాలు. మరి నిట్టనిలువు గొట్టానికి వాటం లేదని బాధపడటమేమిటి? పైగా చేతివాటం, గాలివాటం ఉండనే ఉన్నాయి. వాటిలో వాలు ఎక్కడుంది? పెద్దలు చెప్పాలి.

ద్వారకానగర్ నుంచి: తేడా ఏమీ లేదండీ. ప్రాంతభేదం. కొందరు వాలు అంటారు, కొందరు వాటం అంటారు. మీరు మరీ లోతుకి పోతున్నారు.

విజయనగరం, రిటైరైన తెలుగు మాస్టారు: తేడా ఉంది బాబూ. వాలుకి క్రియ ఉంది: పొద్దు వాలుతుంది, పిట్ట వాలుతుంది, మనం వాలుకుర్చీలో వాలతాం. వాటానికి క్రియ లేదు. 'కొండవాలు' అంటాం, 'కొండవాటం' అని ఎప్పుడైనా విన్నావా? కొండ తన మానాన తను వాలి ఉంటుంది, దాంతో ఎవరికీ పని లేకపోయినా అది వాలే. వాటం అనగానే 'దేనికి?' అన్న ప్రశ్న వస్తుంది. నీళ్లకి వాటం, కూర్చోడానికి వాటం, పట్టుకోడానికి వాటం. ఒకటి ఇంకోదాన్ని తనంతట తాను ఎటు పోనిస్తుందో అది వాటం. కుడిచేతి వాటం అంటే పని ఆ చేతివైపు తనంతట పోతుందని. 'వాడి వాటం చూస్తే అప్పు తీర్చేలా లేడు' అంటాం కదా, అక్కడ మనిషి ఎటు మొగ్గి ఉన్నాడో చూస్తున్నాం.

పెదవాల్తేరు నుంచి: మాస్టారూ, మా బాబుని మా అత్తగారు 'పుర్రచేతి వాటం' అంటారు. వాడు కత్తెర పట్టుకుంటే 'నాకు వాటంగా లేదమ్మా' అంటాడు. ఇన్నాళ్లూ ఈ రెండూ ఒకటే మాట అని నాకు తట్టనే లేదు.

ద్వారకానగర్ నుంచి: మరి చేతివాటం చూపించాడు అంటే దొంగతనమెలా అయింది?

విజయనగరం మాస్టారు: చెయ్యి ఎటు మొగ్గిందో చూడు నాయనా, డబ్బుపెట్టె వైపు.

మధురవాడ నుంచి: సంస్కృతంలో వాటం అంటే ఆవరణ, తోట. వాటిక అందులోంచే. ఇది అదేనా? అలవాటు కూడా దీని చుట్టమేనా?

విజయనగరం మాస్టారు: ఆ వాటం వేరు, ఈ వాటం వేరు. పేర్లు కలిశాయి, ఇంటిపేర్లు కలవలేదు. అలవాటు అసలు ఈ గుంపుది కాదు. ఏర్పడు–ఏర్పాటు, తడబడు–తడబాటు ఎలాగో అలవడు–అలవాటు అలాగ. చెవికి వినపడేదల్లా చుట్టరికం అనుకుంటే నిఘంటువు పెళ్లివిందు అయిపోతుంది.

గాజువాక నుంచి: నేను ఏసీ పనిలోనే ఉన్నాను సార్. ఆయన మూడు వాటాలూ కరెక్టే. నీటి గొట్టానికి మీటరుకి సుమారు ఒక సెంటీమీటరు దిగితే చాలు. 'నీరు పల్లమెరుగు' అంటారు కదా, మిగతాది అదే చూసుకుంటుంది. ఎక్కడైనా పొట్ట దిగినట్టు గొట్టం వేలాడితే నీరు అక్కడ నిలిచి వెనక్కి తంతుంది. మీ గోడ చెమ్మ అందుకే అయుంటుంది.

గ్యాసు సంగతి వేరు. సన్న గొట్టంలో ద్రవం వెళ్తుంది, లావు గొట్టంలో ఆవిరి మిషనుకి తిరిగొస్తుంది. (జనం రెండిట్నీ గ్యాసు పైపు అనే అంటారు, అదో తమాషా.) బయటి మిషనులో ఆవిరిని నొక్కి తోసే కంప్రెషర్ ఉంటుంది, దానిలోని నూనె కొంచెం ఈ గ్యాసుతో కలిసి ఊరంతా తిరుగుతుంది. అది ఇల్లు చేరకపోతే కంప్రెషర్ ఎండిపోతుంది. అడ్డంగా పోయే చోట మిషను వైపు వాటం ఉంటే నూనె జారిపోతుంది. మీ మిషను పైన ఉంది, గది కింద ఉంది, కాబట్టి నూనె ఎక్కాలి. నూనెకి కాళ్లు లేవు, ఆవిరి వేగమే దాన్ని మోసుకెళ్లాలి. నిలువు గొట్టం మొదట్లో మెలిక వేస్తే నూనె అందులో చేరి దారి ఇరుకవుతుంది. ఇరుకైన చోట ఆవిరి వేగం పెరిగి నూనెని పైకి విసురుతుంది. పొడుగెక్కువ కదా అని కొందరు ఇంకా లావు గొట్టం వేసేస్తారు. అప్పుడు ఆవిరి నెమ్మదిస్తుంది, నూనె కిందే ఉండిపోతుంది.

అక్కయ్యపాలెం నుంచి: బ్రదర్, ప్రతి ఏసీకీ మెలిక అక్కర్లేదు. కొన్ని ఇన్వర్టర్ మోడళ్లకి అవసరం లేదని మాన్యువల్‌లోనే ఉంటుంది. ఎంత పొడుగు దాకా వెయ్యొచ్చు, ఎంత ఎత్తు దాకా ఎక్కించొచ్చు అన్నది కూడా మోడల్‌ని బట్టే. అది చూడకుండా మేకు కొట్టకూడదు.

గాజువాక నుంచి: ఒప్పుకుంటున్నాను. మిగిలిన గొట్టాన్ని బాల్కనీలో జిలేబీలా చుట్టి ఒగ్గేసేవాళ్లున్నారే, వాళ్లకి చెప్పండి ముందు.

నేను: 'మెలిక' నాకు బాగా నచ్చింది. దాన్ని ఇంగ్లీషులో ట్రాప్ అంటారట. మన పరిభాషా సంఘం చేతిలో పడితే 'తైలబంధకం' అయ్యేది. మాస్టారూ, మీరన్నదాని ప్రకారం ఆయన నిలువు గొట్టానికి వాటం లేదన్నది నూనెని దృష్టిలో పెట్టుకుని అన్నమాట. ఆవిరికి అక్కడ ఇబ్బందేమీ లేదు.

విజయనగరం మాస్టారు: అదే. నువ్వు గొట్టాన్ని చూశావు, ఆయన గొట్టంలో పోయేదాన్ని చూశాడు. అందుకే నీకు వాలు కనిపించింది. గాలివాటం కూడా అంతే. గాలి ఎటు తీసుకుపోతే అటు పోవడం. తెరచాప వేసినవాడికి అది వరం. ఇప్పుడు 'గాలివాటం గెలుపు' అంటే మాత్రం తిట్టు.

జాలారిపేట నుంచి: మా తాతగారు తెరచాప తెప్ప మీద వేటకెళ్లినవారు. గాలి వాటంగా ఉందంటే బయల్దేరే వేళైందని. అందులో తిట్టు లేదండి.

ద్వారకానగర్ నుంచి: సరే, ప్రాంతభేదం అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతకీ ఏసీ బాగైందా?

నేను: అయింది. నీటి గొట్టం ఎత్తు సరిచేశారు, మెలిక వేశారు. మా మోడల్‌కి కంపెనీ నింపి పంపిన గ్యాసు 7.5 మీటర్లకే సరిపోతుందట. ఆపైన ప్రతి మీటరుకీ 20 గ్రాములు కలపమని మాన్యువల్‌లో ఉంది. 6.5 మీటర్లకి 130 గ్రాములు. సిలిండర్‌ని చిన్న కాటా మీద పెట్టి, నన్ను పక్కన నిలబెట్టి అంకెలు చదివించారు. మొదట బిగించినవాళ్లు ఏమీ కలపకుండానే 'ఎక్స్‌ట్రా గ్యాస్' అని డబ్బు తీసుకున్నారు.

పెదవాల్తేరు నుంచి: మాస్టారు చెప్పిన చేతివాటం అదేనన్నమాట.