బోల్ట్ క్యాజిల్‌కి పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు నదిలో ఉన్న థౌజండ్ ఐలాండ్స్‌కి, ముఖ్యంగా హార్ట్ ఐలాండ్‌లోని బోల్ట్ క్యాజిల్‌కి తీసుకెళ్లాలనుకుంటున్నాం. హోటల్ వ్యాపారంలో బాగా సంపాదించిన జార్జ్ బోల్ట్, భార్య లూయిస్ కోసం 1900లో కట్టడం మొదలుపెట్టిన 120 గదుల కోట అది. 1904లో ఆవిడ హఠాత్తుగా పోవడంతో ఆయన పని ఆపించేసి, మళ్లీ ఆ దీవిలో అడుగే పెట్టలేదట. 70 ఏళ్లకు పైగా పాడుబడి ఉన్నదాన్ని 1977 నుంచి బాగుచేస్తున్నారు. ఈ కథ విన్నప్పటినుంచీ నాన్న రోజూ అడుగుతున్నారు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కి దిగడం, రేవు నుంచి కోట దాకా నడక ఆవిడకి కష్టమవుతుందా? మెట్లపైన రంగుటద్దాల గుమ్మటం ఉంటుందట, అది కింద హాల్లో నిలబడి చూసినా బాగా కనిపిస్తుందా? పై అంతస్తుల్లో బాగుచేయని గదులు, గోడల మీద జనం రాసిన పాత రాతలు అలాగే ఉన్నాయంటున్నారు. నాకైతే అవే ఎక్కువ చూడాలనుంది.

వాళ్లకి కెనడా వీసా లేదు కాబట్టి అమెరికా వైపు అలెగ్జాండ్రియా బే నుంచే పడవ ఎక్కుతాం. అయినా పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోవాలా? బోల్ట్ కుటుంబం తమ పడవలు ఉంచుకోవడానికి కట్టించుకున్న పడవల ఇల్లు (యాట్ హౌస్) కూడా చూడాలంటే పూట సరిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.