అప్‌డేట్: జీపీయూలు పెంచినా ప్రొటీన్ సిమ్యులేషన్ వేగం పెరగట్లేదు

ఒకే ప్రొటీన్ కదలికను కంప్యూటర్‌లో లెక్కించడానికి జీపీయూలు (ఒకేసారి బోలెడు లెక్కలు చేసే చిప్‌లు) రెట్టింపు చేసినా వేగం ఎందుకు రెట్టింపు కావట్లేదు, మరి ఈ పని కోసమే కట్టిన ఆంటన్ అనే సూపర్‌కంప్యూటర్‌కి అదెలా సాధ్యమైంది అని అడిగాను కదా. మీ జవాబులు చదివాక విషయం తేలింది.

చిక్కంతా చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలోనే ఉంది. ప్రొటీన్ కదలికను చిన్న చిన్న అడుగులుగా లెక్కిస్తారు, ఒక్కో అడుగు దాదాపు 2 ఫెమ్టోసెకన్లు (సెకనుని వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఫెమ్టోసెకను). అంటే ఒక మిల్లీసెకనుకి 50 వేల కోట్ల అడుగులు, అవీ ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి అడుగులోనూ చిప్‌లు పరమాణువుల స్థానాలు, బలాలు ఇచ్చిపుచ్చుకోవాలి. చిప్‌లు పెంచితే ఒక్కోదాని మీద పని తగ్గుతుంది గానీ ఎదురుచూపు తగ్గదు.

డి.ఇ. షా రీసెర్చ్ అనే సంస్థ 2008లో నడిపించిన ఆంటన్‌లో 512 చిప్‌లు. పరమాణు జంటల మధ్య బలాల లెక్కకు సర్క్యూట్లే విడిగా కట్టారు, చిప్‌లను త్రీడీ టోరస్‌గా (మూడు దిశల్లోనూ పక్క చిప్‌లతో, చివరిది మళ్లీ మొదటిదానితో) కలిపారు. బీపీటీఐ అనే చిన్న ప్రొటీన్‌ని మిల్లీసెకను పాటు కదిలించిన ఫలితాలు 2010లో వచ్చాయి. (వేరే పని ఇస్తే మాత్రం ఆంటన్‌తో లాభం లేదు. నాకైతే అదే దాని అందం.)

ప్రస్తుతానికి ఒక్క పొడవాటి రన్ ఆలోచన మానేశాను. జీపీయూకి ఒకటి చొప్పున చిన్న రన్‌లు విడివిడిగా పెట్టి, వాటిని మార్కోవ్ మోడల్‌తో (ప్రొటీన్ ఒక ఆకారం నుంచి ఇంకోదానికి మారే అవకాశాల లెక్క) కలుపుతున్నాను. ఇప్పుడు ఏ జీపీయూ ఖాళీగా లేదు.