అప్‌డేట్: తాతయ్య ఆర్మీ వివరాలు కొన్ని దొరికాయి

మద్రాస్ రెజిమెంట్‌లో చేసిన తాతయ్య 1971 యుద్ధంలో ఎక్కడున్నారో ఎలా కనుక్కోవాలని అడిగాను కదా. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామని.

డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకళ్లు జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా తమిళనాడు వెల్లింగ్టన్‌లోని రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి రాయాలి. సర్వీస్ నంబర్ తప్పనిసరి. పేరుతో వెతికితే చిక్కే, ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో అసలుండదు. నంబర్ కనబడకపోతే 1971 యుద్ధానికిచ్చిన సంగ్రామ్ మెడల్ అంచు చూడండి, అక్కడ చెక్కి ఉంటుంది. అందుకే చింతపండుతో తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. పొడి నూలుగుడ్డ చాలు. ఏ యుద్ధరంగంలో ఉన్నారన్నది ఇంకో పతకమే చెప్పింది: పూర్వీ స్టార్ ఉంది, అంటే తూర్పు వైపు. పడమర వాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు.

ఫొటోలే అసలు తలనొప్పి. మన డెల్టా చెమ్మకి ఫ్రేము అద్దానికి అతుక్కుపోతాయి. పీకితే మొహం పొరంతా అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. పెన్సిల్ రాత ఉన్న డిశ్చార్జ్ బుక్ పేజీల్ని మాత్రం లామినేషన్‌కి ఇవ్వకండి, షాపువాడు ఎంత చెప్పినా సరే.

రెజిమెంట్ సరే, బెటాలియన్ నంబరే ఇంకా తేలాలి. రికార్డ్ ఆఫీసు నుంచి జవాబు రాలేదు.